ఖాళీ గిన్నె పంపకూడదు

నవ్వకు నాయనా, చెప్పేది విను. మా మనవరాలు రెండో క్లాసు. మొన్న బడి నుంచి వస్తూనే సంచి సోఫాలో పారేసి, "తాతా, సోమవారానికి ఆరు మతాలు కావాలి" అంది. పావుకిలో వంకాయలు కావాలన్నట్టు! చార్టు మీద గడికో మతం అతికించాలట. రాత్రి ఎనిమిదింటికి అమీర్‌పేట మెట్రో కింద జనాన్ని తోసుకుంటూ స్టేషనరీ దుకాణాలన్నీ తిరిగాను. స్టిక్కర్ల షీటు ఇరవై రూపాయలు. సర్వమత సమభావం ఇరవై రూపాయలకే వచ్చింది, జిగురు మన సొంతం.

ఆ షీటులో గుడంటే గోపురమే. మన బల్కంపేట ఎల్లమ్మ నేలమట్టానికి కింద, బావిలో కొలువై ఉంటుంది. పైకి చూస్తే ఎలా కనిపిస్తుంది, తల వంచాలి గానీ! ఇంతలో పిల్ల, "పంజాగుట్ట సాయిబాబాను ఏ గడిలో అతికించాలి తాతా?" అంది. ద్వారకాపురి కాలనీ గుడికి గురువారం గురువారం వెళ్లేవాణ్ణే. ఆయన షిరిడీలో ఉన్నది పాత మసీదులో, దానికి పెట్టుకున్న పేరు ద్వారకామాయి. నాకు దగ్గొచ్చింది.

మా రోజుల్లో గడులెక్కడివి? నాలుగు వాటాల కిరాయి ఇల్లు, ఒకటే వాకిలి, ఒకటే నల్లా. పక్క వాటాలో చాచా వాళ్లు. రంజాన్ పండుగ నాడు పొద్దున్నే షీర్ ఖుర్మా గిన్నె, పైన అల్లిక గుడ్డ కప్పుకుని వచ్చేది. చిక్కటి పాలల్లో మునిగిన సేమ్యా, ఖర్జూరం ముక్కలు, పంటికి తగిలే సారపప్పు. గిన్నె తోమి, అడుగున గుప్పెడు పంచదార పోసి గానీ అమ్మ వెనక్కి పంపేది కాదు. ఖాళీ గిన్నె పంపకూడదు, అంతే. ఎందుకని అడిగితే మొట్టికాయ. మా ఉగాది పచ్చడి వెళ్తే చాచా ఒక్క గుక్కలో తాగి, కళ్లు మూసుకుని, "బహుత్ అచ్ఛా" అనేవాడు. గౌరవమంటే అదిరా అబ్బాయ్, వేపపువ్వును నవ్వుతూ మింగడం! ఇప్పుడు? "అన్ని మతాలనూ గౌరవించాలి" అని చార్టు రాయించే బడే, టిఫిన్ డబ్బాలు పంచుకోవద్దని డైరీలో రాస్తుంది.

సరే, ఒకటి ఒప్పుకుంటాను. మా నానమ్మ ఆ గిన్నెను గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. వరండాలోనే వేరే పాత్రలోకి వంపుకుని తినేవాళ్లం. మా రోజులు బంగారమని చెప్పేటప్పుడు ఈ ముక్క నేను మింగేస్తుంటాను.

ఆ మాటకొస్తే ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పంతులుగిరీ చేసినవాణ్ణి. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు, రెండోది చెప్పండి అంది 1964-66 నాటి కొఠారీ కమిషన్. 2002లో సుప్రీంకోర్టూ దాన్ని తప్పుపట్టలేదు. మరి నేనేం చెప్పాను? నీతి పీరియడ్‌లో లెక్కలు చెప్పాను. సిలబస్ మిగిలిపోయింది మరి!

సిక్కుల గడి కోసం ఆదివారం పిల్లను అమీర్‌పేట గురుద్వారాకు తీసుకెళ్లాను. చిన్నప్పుడు కార్తీక పౌర్ణమికి నానమ్మ 365 వత్తులు వెలిగించాక, గురునానక్ జయంతీ అదే రోజు కాబట్టి, నెత్తికి చేతిరుమాలు కట్టుకుని లంగరు భోజనానికి పరిగెత్తిన ముఠా మాది. రెండు చేతులూ చాపి రొట్టె అందుకోవడం తెలుసు, అంతకుమించి తెలియదు. ఈ పిల్ల అలా కాదు. వడ్డిస్తున్న సర్దార్జీ తాతను, "మీరు పంజాబ్ నుంచి ఎప్పుడొచ్చారు?" అని అడిగేసింది. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన చక్కటి తెలుగులో, "నేను ఇక్కడే పుట్టానమ్మా. మా పెద్దలు 1832లో వచ్చారు. నిజాం కొలువులో చందూలాల్ చక్రం తిప్పిన కాలంలో, నిజాముకు సాయంగా మహారాజా రంజిత్ సింగ్ పంపిన ఫౌజుతో" అన్నాడు. అరవై ఏళ్లు ఆ రొట్టెలు తిన్నాను. ఒక్కసారి అడగలేదు.

అంతటితో ఆగిందా పిల్ల? ఎదురు ఫ్లాటు బెల్లు కొట్టింది. ఆరేళ్లుగా వాళ్లను చెప్పుల స్టాండును బట్టి గుర్తుపడుతున్నాం. వాళ్లు జైనులట. చార్టులో జైనుల గడికి నాలుగు సంగతులు, చేతిలో మోహన్‌థాల్ నిండిన స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది.

ఆ గిన్నె ఇప్పుడు మా వంటగట్టు మీదే ఉంది. ఖాళీగా పంపకూడదు కదా! పంచదార పోద్దామంటే ఎదురు ఫ్లాటు ముసలాయనకూ షుగరే, నాకూ షుగరే. పులిహోర అనుకున్నాం. "అల్లం వేయొద్దు తాతా, నేల కింద పెరిగేవి వాళ్లు తినరు. పొద్దుగూకక ముందే ఇచ్చేయాలి, తర్వాత తినరు" అని రెండో క్లాసు పిల్ల నాకు పాఠం. మా అమ్మ గుప్పెడు పంచదారతో తేల్చేసేది. ఇప్పుడు గిన్నె తిప్పి పంపాలన్నా చదువుకోవాలట, ఏం కాలమో! సరేలే, నీతో మాట్లాడుతూ కూర్చుంటే నాలుగు దాటింది. చింతపండు ఇంకా నానబెట్టనే లేదు.