శత్రువులు లేని సినిమా

ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా ఏదంటే జనం ఓట్లతో నడిచే ఐఎండీబీ సైట్ 2008 నుంచి ఒకటే జవాబు చెబుతోంది: ‘ది షాశాంక్ రిడెంప్షన్’. 1994లో థియేటర్లకు వచ్చినప్పుడు దీనికి పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. ఆస్కార్‌కు ఏడు నామినేషన్లు పడ్డాయి గానీ ఒక్క బొమ్మా చేతికి రాలేదు. అలాంటిది టాప్ 250 జాబితా నెత్తికెక్కి కూర్చుంది, దిగే సూచనలు కూడా లేవు. చిన్న సుత్తితో పంతొమ్మిదేళ్లు జైలు గోడకు కన్నం వేసిన ఖైదీ కథ కదా, ఆ మాత్రం ఓపిక ఉండటం న్యాయమే. అయితే సింహాసనం దక్కిన తీరు చూస్తే మాత్రం సినిమా ప్రతిభ కంటే పరాయివాళ్ల తగాదా ఎక్కువ పని చేసినట్టుంది. అంతకుముందు మొదటి స్థానం ‘ది గాడ్‌ఫాదర్’ది. 2008 జులైలో ‘ది డార్క్ నైట్’ విడుదలైంది. బ్యాట్‌మ్యాన్ అభిమానులు తమ సినిమాకు పదికి పది వేసి ఊరుకోలేదు, గాడ్‌ఫాదర్‌కు ఒకట్లు వేసి కిందికి గుంజారు. కొద్దిరోజులు డార్క్ నైట్ ఒకటో నంబరులో వెలిగింది. అవతలివాళ్లు కూడా గాజులు తొడుక్కుని కూర్చోలేదు, బదులుగా వాళ్లూ ఒకట్లు వేశారు. రెండూ ఒకదాని కాలు ఒకటి పట్టుకుని లాక్కున్నాయి. ఎవరి జోలికీ పోని షాశాంక్ తాపీగా పైకొచ్చి కూర్చుంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే.

అభిమానులు ఓట్లేసి తయారుచేసిన జాబితా చూస్తే ఏ సినిమాను జనం ఎక్కువగా ప్రేమించారో తెలుస్తుందని ఒక నమ్మకం. నిజానికి అది చెప్పేది ఏ సినిమాకు పగవాళ్లు తక్కువో. ఇది ఎత్తిపొడుపు కాదు, ఎక్కాల పుస్తకం లెక్క. సగటు తొమ్మిది ఉన్న సినిమాకు ఒక అభిమాని పది వేస్తే సగటు కంటే ఒక్క మెట్టే ఎక్కువ వేసినట్టు. గిట్టనివాడు ఒకటి వేస్తే ఎనిమిది మెట్లు తక్కువ వేసినట్టు. అంటే ఒక్క పగవాడు చేసిన గాయం మానాలంటే ఎనిమిది మంది భక్తులు వరసగా వచ్చి పదులు వేయాలి. ప్రజాస్వామ్యంలో మనిషికి ఒకే ఓటు అంటారు గానీ, ఇక్కడ ద్వేషించేవాడికి ఎనిమిది ఓట్లున్నాయి. ఐఎండీబీ వాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. పాతిక వేల ఓట్లయినా పడని సినిమాను టాప్ 250లోకి రానివ్వరు, ఓట్లు తక్కువ పడ్డవాటిని అన్ని సినిమాల ఉమ్మడి సగటు వైపు లాగుతారు, క్రమం తప్పకుండా ఓటు వేసేవాళ్ల మాటే లెక్కలోకి తీసుకుంటామంటారు. ఆ క్రమం తప్పనివాళ్లు ఎవరో మాత్రం చెప్పరు. చెబితే మర్నాటికి అందరూ క్రమం తప్పనివాళ్లే అవుతారని భయం. మన అభిమాన సంఘాలను చూసినవాళ్లెవరూ ఆ భయాన్ని తప్పుపట్టలేరు.

ఈ సూత్రానికి గట్టి సాక్ష్యం కావాలంటే హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు, విజయా వారి వాహినీ స్టూడియో చాలు. 2013లో భారతీయ సినిమాకు వందేళ్లు నిండాయని సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానల్ వంద గొప్ప సినిమాల జాబితా వేసి జనాన్ని ఓట్లేయమంది. నెగ్గింది కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’. బొంబాయి వాళ్లు తెల్లబోయారు, మనవాళ్లు పొంగిపోయారు. గొప్ప సినిమా నెగ్గిందనడంలో ఎవరికీ పేచీ లేదు. ఎందుకు నెగ్గిందన్నదే చూడాలి. అందులో ఎన్టీఆర్ ఉన్నారు, ఏఎన్నార్ ఉన్నారు. ఒకప్పుడు గోడ మీద పోస్టర్‌లో ఎవరి తల ఎంత పెద్దగా వేశారో కొలుచుకున్న రెండు వర్గాలూ ఈ ఒక్క సినిమా దగ్గర ఒకే పక్షం. మెగా అభిమానులు అడ్డం తిరుగుదామన్నా వీలు లేదు, 1957 మార్చిలో సినిమా విడుదలయ్యేనాటికి చిరంజీవికి రెండేళ్లు కూడా నిండలేదు. సూపర్‌స్టార్ కృష్ణ అభిమానులకూ దారి లేదు, ‘తేనె మనసులు’ రావడానికి అప్పటికి ఇంకా ఎనిమిదేళ్లుంది. సావిత్రిని, ఎస్వీ రంగారావును కాదనే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. కె.వి. రెడ్డి ముందుచూపు ఎంతటిదంటే, పాండవుల ఇంటి పెళ్లి కథ తీసి అందులో పాండవులను ఒక్కరిని కూడా తెర మీదికి రానివ్వలేదు. భీముడికి ఎన్ని సీన్లు, అర్జునుడికి ఎన్ని అన్న గొడవ అక్కడికక్కడే తెగిపోయింది.

ఇక్కడ ఎవరైనా లేచి, మరి ‘ఆర్ఆర్ఆర్’ మాటేమిటని అడగవచ్చు. రెండు పెద్ద కుటుంబాల హీరోలు అందులోనూ ఉన్నారు, పైగా ఆస్కార్ కూడా వచ్చింది. నా లెక్క ప్రకారం దానికి కూడా శత్రువులు ఉండకూడదు. ఉన్నారు, అదీ ఇంట్లోనే. 2022లో సినిమా వచ్చిన రోజు నుంచి రామ్ చరణ్ ఎన్ని నిమిషాలు కనిపించాడు, జూనియర్ ఎన్టీఆర్ ఎన్ని నిమిషాలు కనిపించాడు, ఎవరి ఎంట్రీకి ఎన్ని విజిల్స్ పడ్డాయి అన్న లెక్కలతో రెండు వర్గాలూ కొట్టుకున్నాయి. వంతెన కింద ఇద్దరూ చేతులు కలిపినా వీళ్లు కలపలేదు. కాబట్టి సూత్రాన్ని కొంచెం సవరించాలి. ఇద్దరు హీరోలు ఉంటే చాలదు, వాళ్ల కోసం కొట్టుకున్నవాళ్లకు మోకాళ్ల నొప్పులు రావాలి. మాయాబజార్‌కు 2013లో ఓటేసినవాళ్లలో 1957 నాటి స్టాప్‌వాచ్ చేతపట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్ల మనవలకు ఇద్దరూ తాతయ్యలే. ఆర్ఆర్ఆర్‌కు ఆ పట్టాభిషేకం జరగాలంటే ఇంకో యాభై ఏళ్లు ఆగాలి.

అసలు మన దగ్గర అంకెల జబ్బు ఇంటర్నెట్‌తో రాలేదు. రేటింగ్ నక్షత్రాలు రాకముందు సెంటర్లుండేవి. మా హీరో సినిమా ఇన్ని సెంటర్లలో వంద రోజులంటే, అందులో డైరెక్ట్ ఎన్ని, షిఫ్టింగ్ ఎన్ని అని అవతలివాళ్లు నిలదీసేవాళ్లు. ఊళ్లో ఒక హాలు నుంచి ఇంకో హాలుకు మార్చి, అక్కడ రోజుకొక్క ఆట వేసి వంద పూర్తిచేసిన సెంటర్‌ను కలపాలా తీసేయాలా అన్న ధర్మసందేహం మీద స్నేహాలు చెడ్డాయి. ఖాళీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే బయట ఫ్యాన్స్ శతదినోత్సవ బ్యానర్ కట్టేవాళ్లు. 2014 నాటి ‘లెజెండ్’ ప్రొద్దుటూరులో వెయ్యి రోజులు దాటి ఆడింది. వెయ్యో రోజు చూడటానికి వచ్చినవాడికి కథ ఏమవుతుందోనన్న ఉత్కంఠ ఉండదు, రికార్డు ఏమవుతుందోనన్న ఆందోళనే ఉంటుంది. సెంటర్ల తర్వాత గ్రాస్, షేర్ పోస్టర్లు వచ్చాయి. ఆ తర్వాత హీరో పుట్టినరోజుకు ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని ట్వీట్లు పడ్డాయన్న పోటీ వచ్చింది. రేటింగ్ ఆ వంశంలో కడపటి వారసుడు. అన్నింటికీ ఒకే లక్షణం: లెక్కపెట్టేది సినిమాను కాదు, లెక్కపెడుతున్నవాళ్లనే.

కొంచెం చదువుకున్న అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఓటేసేవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు ఈ పిచ్చి ఓట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చివరికి మిగిలేది జనం తీర్పే అంటారు. ఎవరికి వాళ్లు ఇంట్లో ఆలోచించుకుని ఓటేస్తే నిజమే. పిలుపు ఇస్తే కదిలే గుంపులో పొరపాట్లు కొట్టేసుకోవు, కూడుకుంటాయి. 2014లో ‘గూండే’ అనే హిందీ సినిమా వచ్చింది. అది 1971 యుద్ధాన్ని భారత్-పాకిస్తాన్ యుద్ధంగా చెప్పి, దాని ఫలితంగా బంగ్లాదేశ్ పుట్టిందంది. తమ విముక్తి పోరాటాన్ని ఊసే లేకుండా చేశారని బంగ్లాదేశీయులకు కోపం వచ్చింది. రావలసిన కోపమే, నిర్మాతలు క్షమాపణ కూడా చెప్పుకున్నారు. అయితే ఆ కోపం ఐఎండీబీలో ఒక్కో నక్షత్రంగా కురిసి, గూండే సగటు 1.4కు దిగింది. ఆ సైట్‌లో అంతకంటే అధ్వాన్నమైన సినిమా లేదని తేలింది. గూండే గొప్ప సినిమా ఏమీ కాదు. కానీ మానవజాతి తీసిన సినిమాలన్నింటిలోకీ అదే అట్టడుగుదని నమ్మాలంటే, మన దగ్గర ఏటా సంక్రాంతికి విడుదలయ్యేవాటిలో కొన్నింటిని చూసి ఉండకూడదు. ఆ అంకె సినిమా గురించి ఏమీ చెప్పలేదు, ఢాకా మనసు గురించి మాత్రం చాలా చెప్పింది.

సరే, జనం వద్దు, పండితులకు అప్పగిద్దాం అంటారా? బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులతో ఓట్లు వేయిస్తోంది. 1962 నుంచి 2002 దాకా ప్రతిసారీ ‘సిటిజన్ కేన్’ గెలిచింది. మన సర్పంచులకు కూడా అంత వరస దొరకదు. 2012లో ‘వెర్టిగో’ దాన్ని దించింది. 2022లో షాంటల్ అకెర్మన్ 1975లో తీసిన ‘జాన్ డీల్‌మాన్’ పైకొచ్చింది. ఆ సినిమా పూర్తి పేరులో ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్, ఊరు అన్నీ ఉంటాయి, ఉత్తరం రాస్తే చేరుతుంది. మూడు గంటల ఇరవై నిమిషాలు ఒక వితంతువు బంగాళదుంపలు చెక్కుతూ, పక్క సర్దుతూ ఉంటుంది. నిజంగా గొప్ప సినిమాయే. కానీ పదేళ్ల కిందట మొదటి ముప్పైలో కూడా లేని సినిమా ఒక్కసారిగా ఒకటో నంబరు ఎలా అయింది? మధ్యలో దాని నిడివి తగ్గలేదు. ఓటర్లు పెరిగారు: 2012లో 846 మంది ఉంటే 2022లో 1,639 మంది. జాబితాలో కొత్త పేర్లు, కొత్త దేశాలు చేరాయి, ఫలితం మారింది. దర్శకుడు పాల్ ష్రేడర్ ఈ ఫలితాన్ని ఎవరో పనిగట్టుకుని మార్చారన్నట్టు మండిపడ్డాడు. ఓడినవాళ్లకు ఓటర్ల జాబితా మీదో ఈవీఎం మీదో అనుమానం రావడం మనకు కొత్త కాదు, 2019లో ఒకరికి వచ్చింది, 2024లో ఇంకొకరికి వచ్చింది. పండితులు పిలుపు ఇచ్చి ఒకట్లు వేయరు, అంతవరకే తేడా.

ఏదో కాలక్షేపానికి వేసుకునే జాబితా మీద ఇంత రాద్ధాంతం ఎందుకన్నదే అన్నింటికంటే బలమైన అభ్యంతరం. కాలక్షేపంగానే ఉంటే నాకూ పట్టింపు లేదు. కానీ జాబితా జనం రుచిని చూపించి ఊరుకోదు, తయారుచేస్తుంది కూడా. షాశాంక్‌ను థియేటర్ వదిలేస్తే వీడియో క్యాసెట్, 1997 నుంచి టీఎన్‌టీ కేబుల్ ఛానల్ పదేపదే వేసి బతికించాయి. మన ‘ఖలేజా’ది కూడా ఇదే జాతకం: 2010లో హాళ్లలో బోర్లాపడింది, టీవీలో చూసిచూసి జనం దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మాయాబజార్‌కు 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు, మూడేళ్లకు కిరీటం వచ్చింది. చూసేవీలున్నదానికే ఓటు, ఓటు పడ్డదానికే పై వరస, పై వరసలో ఉన్నదాన్నే ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. మొదటి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి 1932లో తీసిన ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే మిగల్లేదు. దానికి పగవాళ్లు ఒక్కరూ లేరు. నా సూత్రం ప్రకారం అదే ఒకటో నంబరు కావాలి, పాపం ఓటేసేవాడే లేడు.

మాయాబజార్‌లోనే ఈ అంకెల జబ్బుకు మందు ఉంది. అందులో రెండు వింత వస్తువులుంటాయి. ఒకటి ప్రియదర్శిని పెట్టె. తెరిచినవాళ్లకు ప్రియమైనదే అందులో కనిపిస్తుంది: శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. ప్రస్తుతం జాబితాలన్నీ ఆ పెట్టెతోనే నడుస్తున్నాయి. రెండోది సత్యపీఠం, దాని మీద నిలబడితే శకుని అంతటివాడు కూడా నిజం కక్కుతాడు. ఓటు వేసేముందు ప్రతివాణ్నీ దాని మీద ఎక్కించి ఒక్కటే అడగాలి, సినిమా చూశావా అని. ఆర్మీనియన్ల ఊచకోత మీద తీసిన ‘ది ప్రామిస్’ 2016లో టొరంటో చిత్రోత్సవంలో కొద్ది ఆటలు పడిందో లేదో, ఇంకా ఏ హాలుకూ విడుదల కాకముందే దానికి ఒక్క నక్షత్రం ఓట్లు యాభై వేలు దాటాయి. మన దగ్గర పీఠం ఎక్కించినా పెద్ద చిక్కేమీ రాదు. తన హీరో సినిమా చూశావా అంటే అభిమాని పదిసార్లు అంటాడు, అది నిజమే. అవతలి హీరోది చూశావా అంటే, ఒక్క నక్షత్రం ఇవ్వడానికి టికెట్ దండగెందుకని మనల్నే ఎదురడుగుతాడు. అదీ నిజమే.