బీరకాయ మారువేషం

రైతుబజారులో బీరకాయలు ఏరేవాళ్ల నిష్ఠ చూడముచ్చటగా ఉంటుంది. గోటితో గిల్లి లేతదో ముదురుదో తేలుస్తారు. చేదేమోనని అమ్మేవాడు కసురుతున్నా కొస కొరికి చూస్తారు. ఇన్ని పరీక్షలు నెగ్గి ఇల్లు చేరిన బీరకాయకు దక్కే మర్యాద ఏమిటంటే, మూకుట్లో రెండు ఉల్లిపాయలు, రెండు టమాటాలు, చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గరం మసాలా. ఆఖర్న జీడిపప్పు పేస్టు. బీరకాయ అంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా లొట్టలేస్తూ తింటారని వంట వీడియోలో ఆవిడ హామీ. నిజమే. తిన్నది బీరకాయని వాళ్లకు తెలిస్తే కదా!

నిన్న దొండకాయకూ ఇదే సత్కారం, మొన్న వంకాయకూ ఇదే. పేరు మాత్రం ఘనంగా ‘రెస్టారెంట్ స్టైల్’.

రెస్టారెంటు వాడి బాధ వేరు. మెనూలో ముప్ఫై కూరలుంటాయి, బల్ల దగ్గర కూర్చున్నవాడికి పది నిమిషాల్లో రావాలి. అందుకే పొద్దున్నే గంగాళంలో ఉల్లి, టమాటా గ్రేవీ ఉడికించి పెట్టుకుంటారు. ఆర్డరు రాగానే రెండు గరిటెలు తీసి, అందులో పనీరు పడితే ఒక పేరు, బఠానీ పడితే ఇంకో పేరు. అది వాళ్ల బతుకుతెరువు. ఇంట్లో వండేది ఒక్క కూర, తినేది నలుగురు. అక్కడికీ ఆ గంగాళాన్నే మోసుకురావడం ఏం ముచ్చటో!

బీరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. పోపులో ముక్కలు వేసి, ఉప్పు చల్లి మూత పెడితే చుక్క నీరు పోయనక్కర్లేకుండా తన నీటిలో తనే మగ్గుతుంది. పచ్చిమిర్చి, దించే ముందు కాసిని పాలు, అంతే. తొక్కు తీసింది తీసినట్టు పచ్చడికి పోతుంది. పాపం, ఇందులో నూనె తేలదు, ఎర్రటి రంగు రాదు. థంబ్‌నెయిల్‌కు పనికిరాని కూర.

అరటికాయ, పనసపొట్టు అయితే ఆవ అడుగుతాయి. ఆవగింజను నీళ్లతో నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, పొయ్యి మీద మరిగితే ఎగిరిపోతుంది. కూర దించి, కాస్త చల్లారాక ఆవముద్ద కలిపే గోదావరి జిల్లాల ఇల్లాలికి ఈ రసాయనశాస్త్రం ఎవరూ చెప్పలేదు, ముక్కే చెప్పింది. ఆ ముక్కు ముందు గరం మసాలా డబ్బా తెరవడం సాహసమే.

అన్నిటికన్నా వినోదం, ఈ గ్రేవీకి ‘అమ్మమ్మల కాలం నాటి రుచి’ అని తగిలించే బిరుదు. టమాటా అమెరికా ఖండం నుంచి యూరప్ వాళ్ల ఓడల వెంట వచ్చిన పంట. మిరపా అలా వచ్చిందే, కానీ గుంటూరు వాళ్లు వింటుంటారు కాబట్టి ఆ సంగతి ఇక్కడితో ఆపడం మంచిది.

2023 జులైలో కిలో టమాటా 100 రూపాయలు దాటి, కొన్నిచోట్ల 200 దాకా పాకింది. మదనపల్లె మార్కెట్ ధర బంగారం ధరలా రోజూ వార్తల్లోకెక్కింది. టమాటా లేకుండా కూర ఎలా అని వంటిళ్లు బెంగపెట్టుకున్నాయి. ఆ రోజుల్లో బీరకాయ ఎన్నో ఇళ్లలో తన మొహంతోనే కంచంలోకి వచ్చి ఉంటుంది. సెప్టెంబరు నాటికి ధర కుప్పకూలి, రైతులు గిట్టుబాటు కాక టమాటాలను పారబోశారు. వంటిళ్లలో మళ్లీ మూకుడు ఎక్కింది: రెండు ఉల్లిపాయలు, రెండు టమాటాలు, చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద.