శునక ముఖరోగ సూత్రానికి బొగ్గుబాయి టీక

మూలం: “పెంపుడు శునకముల యందు ముఖరోగ లక్షణములు గోచరించిన యెడల యజమానులు తగు చర్యలు గైకొనవలెను.”

అవతారిక: ఇది రామకృష్ణాపూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో పంచిపెట్టిన ఒక కరపత్రంలోని ఏకైక వాక్యం. మిగతా కాగితమంతా శుభాకాంక్షలే.

శునకము: విడిచాను. అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ కొల్చారం వాడే. ఆ ఒట్టు నేను పెట్టుకోలేదని ముందు ముందు తేలుతుంది.

గోచరించిన యెడల: ఎవరికి గోచరించాలి? కుక్క నోరు తెరిచి చూపదు. పక్క పెదవి మెల్లగా ఎత్తి చూడాలి. పంటి మొదట్లో ఎర్రటి గీత పడితే చిగురు వాచినట్టు. గోధుమరంగు గార కట్టిందంటే బ్రష్షుకు లొంగదు, డాక్టరు మత్తిచ్చి గీకాల్సిందే. పై దవడ పెద్ద పన్ను వేరు కుళ్లితే వాపు కంటికింద తేలుతుంది. మనవాళ్లు కంట్లో చుక్కలు వేస్తారు. మన పేస్టుతో తోముదామా అంటే, కుక్క ఉమ్మదు, మింగుతుంది. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ దానికి విషం.

యజమానులు: రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లకు ఎదురుపోయి, ఆదివారం ఇంటింటి బొక్కలూ నమిలే లైను కుక్కకు యజమాని ఎవరు? లైనంతా అని పూర్వపక్షం. మందు కొనేటప్పుడు ఎవరూ కాదని సిద్ధాంతం.

ముఖరోగ: ఇక్కడ ఆదిపర్వం గుర్తురాక తప్పదు. మొరిగిన కుక్క నోట్లోకి ఏకలవ్యుడు ఏడు బాణాలు కొట్టాడు. అది ఆ నోటితోనే పాండవుల దగ్గరికి పరుగెత్తింది. వాళ్లు బాణాల పొందిక మెచ్చుకున్నారు, అర్జునుడు చిన్నబుచ్చుకున్నాడు, ద్రోణుడు బయల్దేరాడు, కథ బొటనవేలి మీదికి పోయింది. కుక్క? బాణాలు ఎవరు పీకారు? ఆ పూట అది తిన్నదా? వ్యాసులవారు చెప్పలేదు. విలువిద్య తెలిసినవాళ్లు అంతమంది నిలబడ్డారు గానీ, ఒక్కడూ మోకాలు వంచి దాని దవడ పట్టుకోలేదు. బొటనవేలికి జరిగిన అన్యాయం మీద ఇన్ని పుస్తకాలు వచ్చాయి, న్యాయమే. ఆ నోటికో చిన్న పద్యమైనా నాకు తెలిసి రాలేదు.

ఎక్కడున్నాం? కరపత్రం.

తగు చర్యలు: ఏవి తగును, ఏవి తగవు? అంగిట్లో బొక్క అడ్డంపడ్డ కుక్క చొంగ కారుస్తుంది, మింగలేదు, ముందుకాలితో మూతి గీరుకుంటుంది. రేబిస్ వచ్చిన కుక్కా చొంగ కారుస్తుంది, మింగలేదు, దవడ వేలాడేస్తుంది. గొంతులో బొక్క ఇరికినట్టే కనిపిస్తుంది. పాపం అని చేయి పెట్టేది అప్పుడే. ‘చేయి పెట్టకండి’ అనడానికి రెండు మాటలు చాలు. పెట్టినవాడు వెంటనే పావుగంట సబ్బుతో కడిగి, ఆ రోజే సూది కోసం ఆసుపత్రికి పోవాలి, గాటు చిన్నదైనా, ఉత్త గీరుడైనా. రేబిస్ లక్షణాలు మనిషిలో బయటపడ్డాక దాదాపు ఎవరూ దక్కరు. దీన్ని ‘తగు’ అనే రెండక్షరాల్లో దాచిన పండితుడికి నమస్కారం.

గైకొనవలెను: కొనలేదు.

విశేషం: కరపత్రం అడుగున పెద్దల ఫొటోలు వరసగా ఉన్నాయి, హోదాలతో సహా. సంచార పశువైద్య వాహనాల కోసం రాష్ట్రంలో 2017లో పెట్టిన 1962 అనే నాలుగంకెల ఫోన్ నంబరుకు మాత్రం చోటు చాలలేదు.