గంట కొట్టని లోకము

గురజాలనుండి పిడుగురాళ్ల మీదుగా, త్రోవలోని సున్నపు బట్టీల ధూళినంతయు తలకు పట్టించుకొని, ఒక ప్లాస్టిక్ బకెట్టు, బకెట్టులో మగ్గు, మగ్గులో తాళపుకప్ప, ఒడిలో గోంగూర పచ్చడి జాడీతో నరసరావుపేట బస్టాండున దిగి, ఇంజనీరింగు కళాశాలలో చేరిన నా మేనల్లుడు, చేరిన కొలదినాళ్లకే నాకు ఫోను చేసి, ఏడుపునకు ఇవతలి గట్టున నిలిచిన కంఠముతో, "మామయ్యా, ఇక్కడ గంట కొట్టటంలా!" అనెను.

సంగతి నాకు వెంటనే బోధపడలేదు. పిదప విచారింపగా తేలినదేమన, ఆ యుదయమున అతడు ఐదింటికే లేచి, స్నానము చేసి, విభూతి పెట్టుకొని, మంచముమీద కూర్చుండి, ఎవరైన వచ్చి తన్ను తరిమెదరని తొమ్మిదింబావు దాక ఎదురు చూచెనట. ఎవరును రాలేదు. పాఠము మాత్రము తొమ్మిదింటికే మొదలైనదట.

ఇందులకు బాలుని నిందింపరాదు. పదవ తరగతి ముగిసీముగియకముందే మనము వానిని కొనిపోయి ఏ గుంటూరులోనో విజయవాడలోనో ఐదంతస్తుల ఇంటర్మీడియెట్ కర్మాగారమున అప్పగించితిమి. అచట లేచుటకొక గంట, తినుటకొక గంట, పండుకొనుటకొక గంట. సందేహము పుట్టుటకు సయితము వేళ నిర్ణయింపబడినది. కన్నతల్లిని చూచుట ఔటింగు దినమున మాత్రమే. ఇట్లు రెండేండ్లు ముక్కుత్రాడు బిగించి నడిపి, ఈఏపీసెట్ పందెమున పరువెత్తించి, ర్యాంకు వచ్చినదే తడవుగా త్రాడు విప్పి, "ఇక నీ ఇష్టం నాయనా, పెద్దవాడివైనావు" అనుచున్నాము. గానుగెద్దును విప్పి బీడున వదలినను అది గుండ్రముగనే తిరుగును గదా!

ఢిల్లీలోని సాంకేతిక విద్యామండలివారు ఈ కష్టమును గుర్తింపకపోలేదు. క్రొత్త విద్యార్థికి మూడు వారములపాటు పాఠములు చెప్పక, ఆటలు, కళలు, మానవ విలువలు మున్నగువానితో మనసు కుదుటపరుపవలెనని వారు ఒక విధానము నిర్ణయించిరి. మావాని కళాశాలలో ఆ మూడు వారములు మూడు దినములై, ఆ మూడు దినములును ఉపన్యాసములైనవి. ప్రతి వక్తయు "ఆచార్య నాగార్జునుడు నడయాడిన నేల యిది" యని యారంభించి, ప్యాకేజీ లక్షలతో ముగించెనట. నాగార్జునకొండ మాట కాదనను. సముద్రము దాటి వచ్చిన భిక్షువులకై విజయపురిలో సింహళ విహారమే యుండెనని ఇక్ష్వాకుల నాటి శాసనము చాటుచున్నది. కాని మొదటియేట వారికి మన కారము సహించినదో లేదో, ఎన్ని రాత్రులు ఇల్లు తలచుకొని గోడవైపు తిరిగి పరుండిరో ఆ శాసనమున లేదు. అట్టివి శాసనములకు పట్టవు, ఉపన్యాసములకు అంతకన్న పట్టవు.

దూరము తగ్గినకొలది బెంగ పెరుగుట యొక విచిత్రము. 1950లో సుబ్బరాయ నారాయణ కళాశాల వెలయుదాక పేట కుర్రవాడు గుంటూరు పోవలసినదే. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము వచ్చుదాక పట్టా మాత్రము ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పేరిట విశాఖనుండి రావలసినదే. 2016 నుండి కాకినాడ జేఎన్‌టీయూవారి కళాశాలయే ఊరిలో వెలసినది. (మావాడు చేరినది వేరొకటి; పేరేల?) ఆనాటి తండ్రికి నెలకొక కార్డుముక్క వచ్చిన చాలును. మా చెల్లెలు దినమునకు నాలుగుమార్లు ఫోను చేసి, "తిన్నావా?" యనియు, తిన్నానన్నచో "ఏం తిన్నావు?" అనియు, అది చెప్పినచో "అదేం తిండిరా!" అనియు విలపించుచున్నది.

1997 నాటి ర్యాగింగు నిషేధ చట్టము పుణ్యమా యని సీనియర్లు మావానిపై చేయి చేసికొనలేదు. మర్యాదగ కూర్చుండబెట్టి, ఊరడిగి, తండ్రి పేరడిగి, ఇంటిపేరడిగి, దానితోను తేలకపోవుటచే, "ఇంతకీ మనోడివేనా?" అని గుట్టు విప్పిరి. ఇది చాపకూటి సీమ! 12వ శతాబ్దమున మాచర్లలో బ్రహ్మనాయుడు సకల కులములను ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము తినిపించెనని తిరునాళ్లలో చెప్పుకొని మురియుదుము. చాపను మాత్రము చుట్టి అటకపై నుంచితిమి. దానిని మరల పరచిన పుణ్యము గోంగూర జాడీది. ఒకనాటి రాత్రి పదిన్నరకు, మెస్సునుండి తెచ్చిన చల్లారిన అన్నమును నేలమీది వార్తాపత్రికపై కుప్పపోసి, జాడీని బోర్లించి, ఎనిమిదిమంది ఎనిమిది చేతులతో కలిపి తినిరట. ఎవని ముద్ద ఎవని నోటికి పోయినదో లెక్కలేదు. జాడీ అడుగంటినది. మరునాటినుండి ఎవరి వాట్సాప్ గ్రూపు వారిదే.

ఇక హాజరు ధర్మశాస్త్రము. నూటికి 75 వంతులు తరగతిలో నుండవలెను. 65 దాటినవాడు వైద్యుని పత్రమును, కొంత రుసుమును సమర్పించి తరింపవచ్చును. అందుచే సెమిస్టరు చివరి వారమున మాత్రమే ప్రబలు టైఫాయిడ్ ఒకటి మన ప్రాంతమున కలదు. దానికి నీరు, దోమ కారణములు కావు.

మొదటి సెమిస్టరున మావాడు గణితము తప్పెను. ఇంటర్మీడియెట్‌లో నూటికి తొంబది తెచ్చుకొన్నది ఆ గణితముననే! బావ కుప్పగూలెను. పల్నాటి కథలో కోడిపందెమున ఓడిన మలిదేవాదులకు ఏడేండ్ల వనవాసమేగాని ప్రాణము పోలేదనియు, నాలుగేండ్ల చదువు ముగించుటకు విశ్వవిద్యాలయము ఎనిమిదేండ్లు గడువిచ్చి, వారిని అడవికంపిన నలగామరాజుకంటె ఒక యేడు అధికముగనే కనికరించినదనియు నేను ఓదార్చితిని. ఆయన ఓదార్పు పొందినట్లు కనబడలేదు.

మహాశివరాత్రికి కోటప్పకొండ ప్రభలు చూచుటకై మావాడు మా యింటికి వచ్చెను. మీసము వచ్చినది. మాటకు "బ్రో" చేరినది. రాత్రంతయు తిరునాళ్లలో తిరిగి వేకువకు ముందు వచ్చి పండుకొనెను. సరిగ ఐదింటికి వాని ఫోనులో, వెనుకటి కళాశాల గంటవలెనే, గణగణమని ఒక గంట మ్రోగెను. అతడు కన్ను తెరువకయే చేయి చాపి దానిని నొక్కి, ముఖమున చిరునవ్వు వెలుగ, దుప్పటి నెత్తికి లాగికొనెను. "లేవనివాడివి ఎందుకు పెట్టుకున్నావురా?" అంటిని. "లేవకుండా ఉండటానికే మామయ్యా" అని దుప్పటిలోనుండి సమాధానము. దినమును అట్లే పెట్టుకొనునట.

లేచినవాడను నేను. నిద్ర మరల పట్టలేదు.