కప్పులన్నీ పరాయి ఊళ్లోనే

ఊరి జట్టు అన్నాక ఊళ్లో ఉండాలి. ఇంత చిన్న సంగతి కూడా ఈ కాలం వాళ్లకి విడమరిచి చెప్పాల్సి వస్తోంది. 2019లో పుణె ఫుట్‌బాల్ జట్టు మూతపడితే దాని జాగాలో మన ఊరి పేరు కూర్చోబెట్టారు. హైదరాబాద్ ఎఫ్‌సీ అన్నారు. పసుపు రంగు చొక్కాలు అమ్మారు. మా మనవడు ఒకటి కొని నాకు కూడా ఒకటి తెచ్చాడు, తొడుక్కుంటే బంతిపూల దండలా ఉన్నానని మా ఇంటావిడ నవ్వింది. ఆరేళ్లు గడిచాయో లేదో, 2025లో ఆ జట్టు కాస్తా ఢిల్లీ పోయి పేరు మార్చుకుంది. ఆ చొక్కా ఇప్పుడు స్కూటర్ తుడవడానికి పనికొస్తోంది. చొక్కా బట్ట మంచిదే, ఆ మాట ఒప్పుకోవాలి.

మా రోజుల్లో జట్టు ఎక్కడికీ పోయేది కాదు. పోలీసు జట్టు, ఎక్కడికి పోతుంది? ఠాణాలు ఊళ్లోనే ఉంటాయి కదా. హైదరాబాద్ సిటీ పోలీస్ అంటే ఏమనుకున్నావు బిడ్డా? 1950 నుంచి 1954 దాకా, వరసగా ఐదేళ్లు, బొంబాయి రోవర్స్ కప్పు వాళ్లదే. 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. ఇవన్నీ నేను పక్కనే నిలబడి చూసినట్టు చెప్తాను, మధ్యలో ఆపకు. నేనప్పటికి పుట్టలేదన్నది నిజమే. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు. షిఫ్ట్ దిగి వచ్చి అన్నం ముందు కూర్చుని, పప్పు గిన్నె గోల్‌పోస్టుగా, ఉల్లిపాయ ముక్క బంతిగా పెట్టి ఒక్కో గోలు చూపించేవాడు. ఆయన కూడా ఆ ఫైనళ్లు చూడలేదు. ఆయనకి పేపర్లో చదివిన వాళ్లెవరో చెప్పారు. అయితే ఏం? ఇప్పుడు నువ్వు ఫోన్లో ప్రతి గోలూ నాలుగు వైపుల నుంచి నాలుగుసార్లు చూస్తావు, వారం తిరక్కుండా మర్చిపోతావు. నేను చూడని గోల్స్ డెబ్బై ఏళ్లు దాటినా నాకు నోటికున్నాయి.

రహీం సాబ్ పేరు నీకు 'మైదాన్' సినిమా వల్ల తెలిసింది. మంచిదే, ఏదో ఒక దారిన తెలిసింది. కానీ అజయ్ దేవగణ్ మొహం పెట్టుకుని ఆయన్ని తలుచుకుంటున్నావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. పోలీసు జట్టుకీ ఆయనే కోచ్, దేశం జట్టుకీ ఆయనే. 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి మళ్లీ బంగారం. మరుసటి ఏడు జూన్‌లో ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. అంతే, మన ఫుట్‌బాల్ కూడా ఆ ఏడే మంచం పట్టిందని మా నాన్న అనేవాడు. మా నాన్నకి అతిశయోక్తి ఎక్కువ, నాకు అది ఆస్తిగా వచ్చింది.

ఇక అమ్ముగూడ. మన లష్కర్, అంటే సికింద్రాబాద్ నుంచి తిరుమలగిరి దాటి పోతే వచ్చే అమ్ముగూడే, నువ్వు ఇప్పుడు ఫ్లాట్ల రేట్లు చూసే అమ్ముగూడ. అక్కడి పిల్లాడు తులసీదాస్ బలరాం. కాళ్లకి బూట్లు లేక, పాత పోలీసు బూట్లని చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆటబూట్లుగా కుట్టించుకున్నాడట. ఆ కాళ్లతోనే పోయి 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద ఫ్లోర్ పిల్లాడికి మూడు జతల బూట్లున్నాయి. ఒకటి గడ్డి మీదకి, ఒకటి మట్టి మీదకి, ఇంకోటి టర్ఫ్ అంట, గంటకి ఇంత అని డబ్బు కట్టి బోనులాంటి వల లోపల ఆడతారు. బంతి బయటికి పోదు. బంతి బయటికి పోకపోతే అది ఆటెట్లా అవుతుంది? మా ఆటలో సగం సేపు పక్కింటి గోడ దూకి బంతి తెచ్చుకోవడంతోనే సరిపోయేది. ఆ ఇంటి ముసలాయన బంతి ఇవ్వకుండా తిట్టేవాడు. ఇప్పుడు ఆ ముసలాయన పాత్రకి నేను సిద్ధంగా ఉన్నాను, బంతి మాత్రం రావడంలేదు.

అయితే ఇక్కడ ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఢిల్లీ పోయిందని ఇందాక ఆ జట్టుని తిట్టాను కదా. మరి బలరాం ఎక్కడ ఆడాడు? ఈస్ట్ బెంగాల్‌కి. ఎక్కడ స్థిరపడ్డాడు? కలకత్తా అవతల ఉత్తరపారాలో. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే పోయాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, మన నీళ్లు తాగి పెరిగిన వాళ్లందరూ కలకత్తా రైలెక్కినవాళ్లే. హబీబ్ తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ తరఫున ఈస్ట్ బెంగాల్ మీద పదిహేడు సెకన్లలో గోలు కొట్టాడు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో వస్తే హబీబ్ గోలు కొట్టాడు, మ్యాచ్ 2-2. ఇవన్నీ ఎక్కడ? కలకత్తాలో, బెంగాలీల చప్పట్ల మధ్య. మనకి మిగిలింది రేడియో. అది కూడా గరగర శబ్దంలో, గోలు పడిందో గాలి వాన పడిందో తెలియకుండా. మా రోజుల్లో కూడా మంచి ఆటంతా ఊరు దాటే పోయేదన్నమాట. ఈ సంగతి నాకు ఈ మధ్యే తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేది.

క్రికెట్ సంగతి అడక్కు అంటే అడుగుతావు. జయసింహ మన సికింద్రాబాద్‌లో పుట్టినవాడు. కాలర్ పైకి, మెడలో సిల్క్ రుమాలు, నడిచొస్తుంటే సినిమా చూసినట్టుండేది. గవాస్కర్ తన కొడుకు పేరులో కన్హయ్, విశ్వనాథ్‌లతో పాటు ఆయన పేరు కూడా కలుపుకున్నాడు. అట్లాంటి మనిషి కెప్టెన్‌గా ఉండి, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ లాంటి వాళ్లు పక్కన ఉండి, మనకి రంజీ ట్రోఫీ వచ్చిందా? రాలేదు. మంచి ఆట ఆడాం, మర్యాదగా ఓడిపోయాం, సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చుని ఎందుకు ఓడిపోయామో రెండు చాయ్‌ల సేపు మాట్లాడుకున్నాం. ఓటమికి కూడా అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఆ తరువాతి వాళ్లు 2010లో జైపూర్‌లో రాజస్థాన్ మీద 21 పరుగులకి ఆలౌట్ అయ్యారు. దీపక్ చాహర్ అనే కుర్రాడు పది పరుగులిచ్చి ఎనిమిది మందిని పంపించేశాడు. ఇరవై ఒకటి! చాయ్‌కి పాలు కాగేలోపు అయిపోయే ఇన్నింగ్స్ గురించి ఏం మాట్లాడుకోవాలి?

ఇక నా అసలు ఏడుపు చెప్తాను, విను. మన వాళ్లు ఎప్పుడు గెలిచినా పరాయి ఊళ్లో గెలుస్తారు. 1937-38లో రంజీ గెలిచింది బొంబాయిలో. 1986-87లో గెలిచింది ఢిల్లీలో. డెక్కన్ చార్జర్స్ అని ఒక జట్టు వచ్చింది గుర్తుందా, 2008లో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, ఆఫ్రిది, మన లక్ష్మణ్, ఇంతమందిని పెట్టుకుని పద్నాలుగు మ్యాచ్‌ల్లో రెండే గెలిచారు. ఆ రెండూ ఎక్కడ? ఒకటి ముంబైలో, ఒకటి చెన్నైలో. ఇక్కడ ఉప్పల్ స్టేడియంలో మనకి చూపించింది ఓటములే. మరుసటి ఏడు ఎన్నికలని ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాకి పోయింది. వీళ్లు కాస్తా అక్కడ కప్పు కొట్టారు! జొహానెస్‌బర్గ్‌లో, ఆరు పరుగుల తేడాతో. 2010లో తెలంగాణ ఉద్యమం వేడికి సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్‌కీ కటక్‌కీ పోయాయి. 2012లో జట్టే పోయింది. తరువాత వచ్చిన సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచారు, బెంగళూరులో. 2024లో 287 కొట్టి ఐపీఎల్ రికార్డు పెట్టారు, అదీ బెంగళూరులోనే. హైదరాబాద్ ఎఫ్‌సీ ఉన్న ఆరేళ్లలో రెండు సీజన్లు కరోనా అని గోవాలో దాక్కుని ఆడారు, 2022 మార్చిలో అక్కడే కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్లయ్యారు. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. నేను సోఫాలోంచి లేచి గంతేసి నడుం పట్టేయించుకున్నాను. వారం రోజులు జండూబామ్ వాసన, మంచి వారమది. ఆ తరువాత ఆటగాళ్లకి జీతాలివ్వలేదన్న వార్తలు, 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌లకి ఒక్క గెలుపు, అట్టడుగు స్థానం. శ్రీనిధి డెక్కన్ అని ఇంకో జట్టుంది మనకి, వాళ్లు ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్లు రెండో స్థానం. రెండో స్థానం మనవాళ్లకి బాగా నప్పుతుంది.

సరే, మరి సొంత గడ్డ మీద గొప్ప ఆట ఎవరూ ఆడలేదా అంటావు. ఆడారు. 2024 జనవరిలో మన తన్మయ్ అగర్వాల్ సికింద్రాబాద్ మైదానంలోనే అరుణాచల్ మీద 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ చేశాడు, ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో అంత వేగంగా ఎవరూ చేయలేదు. మొత్తం 366, ఇరవై ఆరు సిక్సర్లు. మా ఇంటి నుంచి ఆటోలో పోయే దూరం. ఆ రోజు నేను ఎక్కడున్నాను? బీపీ మాత్రలకి క్యూలో ఉన్నాను. అదెట్లాగూ ప్లేట్ గ్రూప్ మ్యాచ్, అరుణాచల్ బౌలింగ్ ఒక బౌలింగా అని ఇంటికొచ్చి కొట్టిపారేశాను. మనవడు పకపకా నవ్వాడు. వాడికి తాతని చూసి నవ్వడం వచ్చు, జయసింహ ఎవరో రాదు.

ఇంకో కడుపుమంట చెప్పి ముగిస్తాను, అంటే ముగిస్తానని నమ్మకు. 2025 ఏప్రిల్‌లో సిరాజ్ ఉప్పల్‌లో నాలుగు వికెట్లు తీశాడు. పదిహేడే పరుగులిచ్చాడు. మన ఆటో డ్రైవర్ కొడుకు, మన గల్లీ పిల్లాడు, కానీ ఆ వికెట్లు మన జట్టువి. వాడు గుజరాత్‌కి ఆడుతున్నాడు. తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. మన జట్టు యజమానులు చెన్నైవాళ్లు, అప్పటి కెప్టెన్ ఆస్ట్రేలియా వాడు. చప్పట్లు కొట్టాలా, తల కొట్టుకోవాలా? స్టేడియంలో నా చుట్టూ ఉన్న పిల్లలు రెండూ కొట్టారు. సిరాజ్‌కి చప్పట్లు, వికెట్ పడితే తల. వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. నాకే ఎటు కొట్టాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇక ఆ స్టేడియానికి పోవడం ఒక యాత్ర. మా రోజుల్లో ఫతే మైదాన్‌కి, అదే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియానికి, సద్ది కట్టుకుని, గొడుగు పట్టుకుని, తమ్ముడిని చంకనేసుకుని పోయేవాళ్లం. ఇప్పుడు ఒక పెద్ద మ్యాచ్‌కి పోతే గేటు దగ్గర నీళ్ల సీసా లాక్కున్నారు. తరువాత నాణేలు లాక్కున్నారు. మోకాలి నొప్పికి రాసుకునే స్ప్రే డబ్బా లాక్కున్నారు. టికెట్ ఏదంటే ఫోన్‌లో ఉంది, ఫోన్‌లో చార్జింగ్ లేదు. లోపలికి పోయాక డీజే. బంతికీ బంతికీ మధ్య పాట. ఒకప్పుడు ఆ సందులోనే అసలు ఆట ఉండేది. బౌలర్ ఏమనుకుంటున్నాడు, ఫీల్డర్‌ని అటెందుకు జరిపాడు, పక్కన కూర్చున్న గుమాస్తా ఏమంటాడు, అన్నీ అప్పుడే తెలిసేవి. పక్కనున్నవాడికి ఏదైనా చెప్పాలంటే ఇప్పుడు వాట్సాప్ చేయాలి. చేశాను కూడా, నా మనవడికి, పక్క సీట్లోనే ఉన్నాడు.

ఇంత తిట్టాను కాబట్టి వచ్చే ఏడు టీవీ కట్టేసి రామాయణం చదువుకుంటాననుకుంటున్నావేమో. రామాయణం ఎక్కడికి పోతుంది? సీజన్ టికెట్లు ఫోన్లోనే పెడతారట, నిమిషాల్లో అయిపోతాయట. నాకు ఆ ఓటీపీలు, ఆ బొమ్మలు చూసి ట్రాఫిక్ లైట్లు పట్టుకోవడాలు చేతకావు. నీ వేళ్లు చురుకు కదా బిడ్డా, నాకు కూడా ఒకటి తియ్యి. మెట్లు తక్కువ ఎక్కే వైపు, డీజేకి దూరంగా. డబ్బులు చేతికిస్తాను, ఫోన్‌పే అడగకు.