చేతిబ్రేకు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన వ్యాఖ్య రాసింది కాళిదాసుకు గనుక చెల్లింది. ఈ పద్యకర్త జాకీ మాట, చక్రానికి రాయి మాట ఎత్తనే లేదు. మూలాన్నే నమ్ముకుంటే కారు వ్యాఖ్యాత మీదికి వస్తుంది.

ఆ. చేతి బ్రేకు తీగ చీడికాడను బట్టె
వాన నీరు దూర వదలనంది
నట్టు విప్పి డ్రమ్ము నయముగాఁ దీసిన
రెక్క లణచి లాగ రేకు వీడు.

ప్రతిపదార్థం: చేతి బ్రేకు తీగ = హ్యాండ్‌బ్రేక్ కేబుల్; చీడికాడను = చీడికాడలో; పట్టె = బిగుసుకుపోయింది; వాన నీరు దూర = పై తొడుగు పగుళ్లలోంచి నీళ్లు చొరబడగా; వదలనంది = లివరు దించినా బ్రేక్ షూలు డ్రమ్మును విడిచిపెట్టలేదు; నట్టు విప్పి = ఇది వివాదాస్పదం, విశేషాంశాల్లో చూడండి; నయముగా తీసిన = సుత్తి జోలికి పోకుండా ఊడదీస్తే; రెక్కలు అణచి = కేబుల్ తొడుగు కొసన ఉండే స్ప్రింగు రెక్కలు నొక్కి; లాగ = లాగగా; రేకు వీడు = బ్యాక్ ప్లేటును వదిలి వచ్చును.

తాత్పర్యం: తుప్పు పట్టిన కేబుల్‌ను ఊడదీయవచ్చునని కవి హృదయం. ఎంతసేపట్లో అన్నది కవి చెప్పలేదు.

విశేషాంశాలు:

దేశం: చీడికాడ 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అక్కడి కోనం జలాశయాన్ని నింపే వాన జిల్లా అడగదు, కేబుల్ తొడుగునూ విడిచిపెట్టదు.

నట్టు: చక్రం నట్టేనని ఒకరు. కొన్ని కార్లలో ఇరుసు కొసన ఉండే నట్టని మరొకరు. కాదు, కారు లోపల లివరు దగ్గర కేబుల్ బిగువు సవరించే నట్టని సిద్ధాంతి. మూడూ గ్రాహ్యమే, కాని సిద్ధాంతి నట్టుకే అగ్రతాంబూలం. ముందు బిగువు తగ్గించకపోతే షూలు లోపలినుంచి డ్రమ్మును పట్టుకునే ఉంటాయి. బయట ఎన్ని నట్లు విప్పినా అరణ్యరోదనమే. తుప్పు మరీ ముదిరి ఆ నట్టుకూ లొంగకపోతే కేబుల్‌ను చక్రానికి దగ్గరగా కోసేయడం శాస్త్రసమ్మతం. ఎలాగూ పారేసేదే.

నయముగా: పద్యంలో అతిశయోక్తి ఇదొక్కటే. కొన్ని డ్రమ్ములకు మరలున్న రంధ్రాలు రెండుంటాయి. వాటిలో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తానే బయటికి జరుగుతుంది. బయటపడ్డ ధూళిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి.

రెక్కలు: ఒకదాన్ని నొక్కితే ఇంకొకటి లేస్తుంది. కేబుల్ కొసను షూ లివరు నుంచి తప్పించి, రెక్కలకు సరిపడే రింగు పానాను దానిమీదుగా తోస్తే అన్నీ ఒక్కసారే ముడుచుకుంటాయి.

రసం: రెండో పాదం వరకు కరుణం, మూడోపాదంలో రౌద్రం, రెక్కలు ముడుచుకోగానే అద్భుతం.

ఫలశ్రుతి: ఇది చదివినవారు వానాకాలంలో బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు చేతిబ్రేకు లాగక, సమతలం చూసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టుదురు గాక. పెట్టనివారికి వెనక చక్రాలు రెండు గనుక ఈ పద్యం రెండుమార్లు పఠనీయం.