పేపరు పడిందా మాస్టారూ?

యూనివర్సిటీ గేటు ఎదుట ఉండే జిరాక్స్ సెంటర్లను తక్కువ అంచనా వేయకండి. దేశంలో శాస్త్ర విజ్ఞానం ముందుకు పోతోందంటే అందులో ప్రయోగశాలల వాటా ఎంతో చెప్పలేం గానీ, ఈ సెంటర్ల వాటా మాత్రం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గోడ మీద రేట్ల పట్టిక ఉంటుంది. డీటీపీ, స్పైరల్ బైండింగు, బంగారు అక్షరాల రెగ్జిన్ బైండింగు, ప్లేజియరిజం తగ్గింపు, డేటా అనాలిసిస్. అన్నిటికీ అడుగున కొత్తగా అతికించిన స్టిక్కరు: 'ఇంటర్నేషనల్ జర్నల్‌లో మీ పేపరు, మూడే రోజుల్లో!'

ఆ ఇంటర్నేషనల్ జర్నల్ పేరులో 'మల్టీడిసిప్లినరీ' అన్న మాట తప్పకుండా ఉంటుంది. సంతలో ఉల్లిపాయలూ ఎండుచేపలూ ఒకే కాటా మీద తూగినట్టు అక్కడ సకల శాస్త్రాలూ ఒకే సంచికలో తూగుతాయి. మొదటి పేపరు సివిల్ ఇంజినీరింగుది. సిమెంటు కొంత తగ్గించి ఫ్లై యాష్ కలిపితే కాంక్రీటు బలం ఏమవుతుందని దాని ప్రశ్న. కాంక్రీటు క్యూబును నీళ్లలో నానబెట్టి 28వ రోజున నొక్కి చూడాలి. అంటే క్యూబు గట్టిపడడానికి 28 రోజులు, పేపరు గట్టిపడడానికి మూడు రోజులు.

రెండోది వృక్షశాస్త్రం. వేపాకు సారానికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉందా? ఉంది. నిరుడూ ఉంది, అంతకు ముందేడూ ఉంది. తట్టు పోసిన పిల్లల పక్కన వేపమండలు పెట్టిన అవ్వలెవరికీ ఈ సంగతి ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుతో సహా తెలియదు కాబట్టి ఏటా మళ్లీ కనిపెట్టక తప్పదు.

మూడోది సామాజిక విధానం. 'స్వయం సహాయక సంఘాలు, మహిళా సాధికారత: ఫలానా మండలంపై ప్రత్యేక అధ్యయనం.' తెలుగు నేల మీద మండలాలు వెయ్యికి పైనే ఉన్నాయి గనక ఈ రంగంలో పరిశోధనకు కరువు రాదు. సంఘం మీటింగు రోజున సంతకాల రిజిస్టరు వెనకాలే ప్రశ్నావళి కూడా తిరుగుతుంది. అక్కచెల్లెళ్లు నాలుగో ప్రశ్న దాకా ఆలోచించి టిక్కు పెడతారు. ఆపైన 'గట్టిగా అంగీకరిస్తున్నాను' అన్న గడిలో పైనుంచి కిందికి ఒకటే గీత. 'ఇంకెంతసేపు సారూ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను' అని ఒకావిడ అడుగుతుంది. సాధికారత గురించి ఆ రోజు దొరికిన ఒకే ఒక్క నిఖార్సైన అభిప్రాయం అదే. దానికి మాత్రం గడి ఉండదు.

ఇక ఈ మూడు శాస్త్రాలనూ వడపోసే సమీక్షకుడు ఎవరంటారా? ఫోన్‌పే. డబ్బు జమ అయిన చప్పుడు వినగానే 'మీ పేపరు నిపుణుల పరిశీలనలో ఉత్తీర్ణమైంది' అని సందేశం వస్తుంది.

ఈ గొప్ప పరిశ్రమకు పునాది వేసింది నియమాలే. థీసిస్ ఇచ్చేలోగా ఒక పేపరైనా అచ్చవ్వాలని 2009లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) అంది. అధ్యాపకుల ప్రమోషన్లకు పాయింట్ల లెక్క 2010లో వచ్చింది. దాంతో స్టాఫ్ రూముల్లో 'బాగున్నారా' అనే పలకరింపు పోయి 'పేపరు పడిందా మాస్టారూ' అనే పలకరింపు వచ్చింది. నకిలీల బెడద పెరిగాక 2017లో ఆమోదించిన పత్రికల జాబితా ఒకటి పెట్టారు. మరుసటి ఏడు మే నెలలో అందులోంచి 4,305 పత్రికలను ఏరి పారేశారు. తర్వాత 'కేర్' అని మరో జాబితా తెచ్చారు. 2022లో పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి కాదన్నారు. 2025లో ఆ కేర్ జాబితానూ ఎత్తేశారు. జిరాక్స్ సెంటరు వాళ్లు మాత్రం బోర్డు మార్చలేదు. ప్రమోషన్ల లెక్క ఎక్కడికీ పోదని వాళ్లకు యూజీసీ కంటే ముందే తెలుసు.

మన ఒక్కళ్లనే అంటే అన్యాయం. 2013లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు రాళ్ల మీదా చెట్ల మీదా పెరిగే లైకెన్‌లోని పదార్థం కేన్సర్‌ను అడ్డుకుంటుందని, కావాలనే తప్పులు నింపి, ఓ బూటకపు పేపరు రాసి 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు వేసుకుంటామన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ సమీక్ష విషయంలోనూ రుసుముల విషయంలోనూ రచయితలను మోసగించిందని 2019లో అమెరికా కోర్టు అయిదు కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. తెలుగు గడ్డ పేరు అంతర్జాతీయ స్థాయిలో వినిపించలేదని బెంగపడేవాళ్లు ఇక ఊపిరి పీల్చుకోవచ్చు.

ఉటంకింపుల సంగతి మరీ విచిత్రం. 2024లో అమెరికాలో ల్యారీ అనే పిల్లి పేరిట అర్థంపర్థం లేని లెక్కల పేపర్లు పన్నెండు కంప్యూటరుతో రాయించి ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిని ఉటంకించే పేపర్లూ అలాగే తయారు చేశారు. గూగుల్ స్కాలర్ ల్యారీగారి ఖాతాలో 132 సైటేషన్లు జమ చేసింది. మన దగ్గర అసోసియేట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి ల్యారీ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. పాలు పోసి కుర్చీ వేసేవాళ్లు.

అదే ఇంటర్వ్యూకి సి.ఆర్. రావు గారు వచ్చారనుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన ఆయన పాతికేళ్ల వయసులో, 1945లో, కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశారు. గణాంకశాస్త్రం రూపు మార్చిన మూడు సంగతులు ఆ ఒక్క దాంట్లోనే ఉన్నాయి. ఆ పేపరు మీదే 102 ఏళ్ల వయసులో, 2023లో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. మన కమిటీ మాత్రం కళ్లజోడు సర్దుకుని అడుగుతుంది: 'స్కోపస్ జాబితాలో ఉందా బాబూ? లేదా? సరే, మూడు ఫలితాలు దొరికినప్పుడు మూడు పేపర్లు చేసుకోవాలి గదా! ఒక్క దాంట్లో కుక్కేశావేమిటి? మీ గైడు చెప్పలేదూ?'

లెక్కపెట్టడం సులువు, చదవడం కష్టం. కమిటీ చదవదు, ఎడిటరు చదవడు. సహ రచయితల్లో హెచ్‌ఓడీ గారు తమ పేరు స్పెల్లింగు వరకు చదువుతారు. వైవా రోజున బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారికి థీసిస్ కన్నా భోజనం మెనూ బాగా గుర్తుంటుంది. క్యూబు నిజంగా పగిలిందా, పాలు పొంగిపోయాయా అని అడిగే మనిషి ఈ గొలుసులో ఎక్కడా లేడు.

అందుకని యూజీసీ వారికి ఈ కాలమ్ తరఫున ఒక మనవి. ఇకపై పత్రికల జాబితాలు వద్దు. ప్రతి పేపరుకూ, రాసినవాళ్లు గాక మరొకరెవరైనా మొదటినుంచి చివరిదాకా చదివినట్టు ధ్రువపత్రం జత చేయాలని ఒక్క నియమం పెట్టండి చాలు. గెజిట్ వచ్చిన సాయంత్రానికే గేటు ఎదుట గోడ మీద మరో స్టిక్కరు పడుతుంది: 'రీడర్ సర్టిఫికెట్ రెండు వందలు, చదివి మెచ్చుకున్నట్టయితే అయిదు వందలు. పేపరు తేనక్కర్లేదు.'